పాత స్విఫ్ట్‌కి పెద్ద అల్లాయ్స్: 17 ఇంచ్ పడతాయి, కానీ వేయించొచ్చా?

ఈ రోజు ఎపిసోడ్ పాత కారుకి పెద్ద వీల్స్, పెద్ద టైర్లు వేయించుకోవడం గురించి. నన్ను ఎక్కడ కలిసినా కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇదే. "అన్నా, నా దగ్గర 2008 స్విఫ్ట్ ఉంది, 17 ఇంచ్ అల్లాయ్స్ పడతాయా?"

పడతాయి. నట్లు బిగుస్తాయి, కారు కదులుతుంది, ఫోటో కూడా అదిరిపోతుంది. షాపులో ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు. అయితే నేను ఇంకో ప్రశ్న అడుగుతా. అమ్మానాన్నలతో కలిపి ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని, వర్షంలో తిరుమల ఘాట్ దిగుతున్నారనుకోండి. అప్పుడు ఆ చక్రాలు ఎలా పనిచేస్తాయి? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న గురించే.

ముందే ఒక మాట. లుక్ కోసం వీల్స్ మార్చుకోవడం తప్పేం కాదు. కష్టపడి కొనుక్కున్న బండి, మన ఇష్టం. "స్టాక్‌లోనే ఉంచుకోండి, ఏమీ ముట్టుకోకండి" అని నేను చెప్పను. ఎంతవరకు వెళ్లొచ్చు, ఎక్కడ ఆగాలి, ఎందుకు ఆగాలి, అది లెక్కతో చెప్తా.

ఉదాహరణకి స్విఫ్ట్‌నే తీసుకుందాం. మన దగ్గర 2005లో వచ్చింది, 2011లో కొత్త మోడల్ వచ్చేదాకా అదే బాడీ. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చాలామందికి ఫస్ట్ కార్ ఇదే. మీది వేరే కారైనా పర్వాలేదు, లెక్క ఒకటే. అంకెలు మాత్రం మీవి వేసుకోండి.

ముందు టైరు మీద అంకెలు చదవడం నేర్చుకుందాం. పాత స్విఫ్ట్ ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలకి వచ్చిన సైజు 165/80 ఆర్ 14. ఇందులో 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే టైరు పక్క గోడ, అదే సైడ్ వాల్, ఆ వెడల్పులో ఎంత శాతం ఎత్తు ఉందో చెప్పేది. 165లో 80 శాతం అంటే 132 మిల్లీమీటర్లు. చివర 14 అంటే రిమ్ సైజు, ఇంచుల్లో.

ఇప్పుడు మొత్తం చక్రం ఎత్తు ఎంతో చూద్దాం. 14 ఇంచులంటే 355.6 మిల్లీమీటర్లు. పైన ఒక సైడ్ వాల్, కింద ఒక సైడ్ వాల్ కాబట్టి 132ని రెండుసార్లు కలపాలి. మొత్తం 619.6, అంటే సుమారు 620 మిల్లీమీటర్లు. ఈ 620ని ఫోన్‌లో నోట్ చేసుకోండి, ఎందుకంటే కంపెనీ ఈ కారుని ఈ ఎత్తు చుట్టూనే తయారు చేసింది. గేర్లు, స్పీడోమీటర్, బ్రేకులు, మడ్‌గార్డ్ లోపల ఖాళీ, అన్నీ దీన్ని బట్టే పెట్టారు.

కాబట్టి మొదటి రూల్: రిమ్ పెద్దదైనా మొత్తం చక్రం ఎత్తు మారకూడదు. మారినా 2 శాతం దాటొద్దు. రిమ్ పెరిగితే, ఆ మేరకు సైడ్ వాల్ తగ్గాలి అన్నమాట.

ఈ రూల్ పాటించకపోతే ఏమవుతుందో చెప్తా. కొందరికి ఎస్‌యూవీ లుక్ కావాలి. 205/60 ఆర్ 16 వేస్తారనుకోండి, ఎత్తు 652 అవుతుంది. అసలు కంటే 5 శాతం ఎక్కువ. అప్పటిదాకా మీ మీటర్ కరెక్ట్‌గా చూపిస్తోంది అనుకుంటే, ఇప్పుడు మీటర్‌లో 100 ఉన్నప్పుడు మీరు నిజంగా వెళ్లేది 105. కిలోమీటర్లు తక్కువ నమోదవుతాయి, మైలేజ్ లెక్క తప్పు వస్తుంది. పికప్ తగ్గుతుంది, ఎందుకంటే అదే ఇంజిన్ పెద్ద చక్రాన్ని తిప్పాలి. బ్రేకులు కూడా అంతే. లోపల డిస్క్ పాతదే, దాని బయట చక్రం పెద్దదైంది. మీరు పెడల్ మీద అంతే గట్టిగా కాలు వేసినా రోడ్డు మీద పడే పట్టు ఆ 5 శాతం మేర తగ్గుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డ్ లోపల ప్లాస్టిక్‌కి రాసుకునే ఛాన్స్ కూడా ఎక్కువ.

సరే, ఎత్తు మార్చకుండా ఏయే సైజులు వేయొచ్చు? 14 రిమ్ మీదే 185/70 అయితే 615. ఇది స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐకి కంపెనీయే ఇచ్చిన సైజు. 15 రిమ్‌కి 185/65 అయితే 621 దాటి కొంచెం, 195/60 అయితే 615. 16 రిమ్‌కి 195/55 అయితే 621. 17 రిమ్‌కి 205/45 అయితే 616.

చూశారా, 17 కూడా ఎత్తు రూల్ పాస్ అయింది! "మరి వద్దంటావేంటన్నా" అంటారు కదా. ఇప్పుడు రెండో అంకె చూడండి, సైడ్ వాల్. అసలు టైరుకి 132 మిల్లీమీటర్లు. 15లో 185/65కి 120. 16లో 195/55కి 107. 17లో 205/45కి 92 మాత్రమే. 132 నుంచి 92కి. అంటే రోడ్డుకీ రిమ్‌కీ మధ్య ఉండే రబ్బరూ గాలీ నాలుగు సెంటీమీటర్లు పోయాయి.

ఆ నాలుగు సెంటీమీటర్లు ఏం చేస్తాయో తెలియాలంటే వానాకాలంలో మన ఊరి రోడ్డు మీద ఒకసారి వెళ్లండి. నీళ్లు నిండిన గుంత ఎంత లోతుందో కనపడదు. టైరు ఆ అంచుకి కొట్టుకున్నప్పుడు ముందు నలిగేది సైడ్ వాల్. అది మందంగా ఉంటే నలిగి మళ్లీ లేస్తుంది. పల్చగా ఉంటే రిమ్ వెళ్లి నేరుగా అంచుకి తగులుతుంది. రిమ్ వంగుతుంది, లేదా సైడ్ వాల్ లోపల దారాలు తెగి బయటకి బుడగలా ఉబ్బుతుంది. బుడగ వచ్చిన టైరుకి రిపేర్ ఉండదు, తీసి పారేయాల్సిందే. ఆ బుడగ హైవేలో పగిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి, దీన్ని ఎవరూ చూడరు. లోడ్ ఇండెక్స్. టైరు మీద సైజు పక్కన 85టి లాంటి ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె అంటే ఆ ఒక్క టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పేది. 84 అంటే 500 కిలోలు, 85 అంటే 515, 88 అంటే 560. అక్షరం స్పీడ్ లిమిట్. టి అంటే 190, హెచ్ అంటే 210. పాత టైరు మీద 85 ఉంటే కొత్త దాని మీద 85 కంటే తక్కువ ఉండకూడదు. 205/45 ఆర్ 17 మామూలు రకంలో 84 వస్తుంది. అంటే చూడటానికి వెడల్పుగా, బలంగా ఉన్న టైరు నిజానికి సన్నటి పాత టైరు కంటే తక్కువ మోస్తుంది. అందులోనే ఎక్స్‌ఎల్ అని రాసినవి 88 ఉంటాయి, కానీ అంత బరువు మోయాలంటే వాటిలో గాలి కూడా ఎక్కువ పెట్టాలి. గాలి పెరిగితే కుదుపు పెరుగుతుంది. ఐదుగురు, సామాను, ఘాట్ రోడ్ అన్నానే, ఈ అంకె అక్కడ పనికొస్తుంది.

వర్షం సంగతి కూడా చెప్పాలి. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద మలుపుల్లో బాగా పట్టుకుంటుంది, నిజమే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీళ్లని పక్కకి తోయాలి. తోయలేకపోతే నీటి మీద తేలుతుంది. ఆ క్షణం స్టీరింగ్ తిప్పినా, బ్రేక్ వేసినా కారు మీ మాట వినదు.

ఇప్పుడు రిమ్ సంగతి. షాపుకి వెళ్లేముందు మూడు విషయాలు తెలుసుకుని వెళ్లండి.

మొదటిది పీసీడీ. నట్లు పెట్టే రంధ్రాల దూరం. పాత స్విఫ్ట్‌కి 4 బోల్టులు, 100 మిల్లీమీటర్లు. పోలో రిమ్ బాగుంది కదా అని తెస్తే దానికి 5 బోల్టులు, అస్సలు పడదు.

రెండోది మధ్య రంధ్రం. స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే అల్లాయ్స్‌కి అన్ని కార్లకీ పడాలని మధ్య రంధ్రం పెద్దగా పెడతారు, చాలావాటికి 67.1 లేదా 73.1 ఉంటుంది. ఆ ఖాళీ నింపడానికి రింగులు దొరుకుతాయి, హబ్ రింగులు అంటారు. ఇవి లేకుండా బిగిస్తే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోక, 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది మళ్లీ మళ్లీ బ్యాలెన్సింగ్ చేయిస్తారు, వణుకు మాత్రం పోదు. చిన్న రింగు వేస్తే పోయేదానికి నెలలు తిరుగుతారు. షాపులో గుర్తుపెట్టుకుని అడగండి.

మూడోది ఆఫ్‌సెట్. రిమ్ మీద ఈటీ అని, పక్కన ఒక అంకె ఉంటుంది. చక్రం లోపలికి కూర్చుంటుందా, బయటికి వస్తుందా అనేది ఇది చెప్తుంది. అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది. ఉదాహరణకి పాత రిమ్ 5 ఇంచుల వెడల్పు, ఈటీ 45 అనుకోండి. కొత్తది 6 ఇంచులు, ఈటీ 38. వెడల్పు వల్ల బయటి వైపు 12.7 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ వల్ల ఇంకో 7, మొత్తం దాదాపు 20 మిల్లీమీటర్లు బయటికి. రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వీల్ బేరింగ్ మీద, లోయర్ ఆర్మ్ మీద బరువు పడే చోటు మారిపోతుంది. బేరింగులు త్వరగా అరుగుతాయి. వెనక నలుగురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టైరు మడ్‌గార్డ్ అంచుకి కోసుకుంటుంది. అప్పుడు షాపువాళ్లు "అంచు మడిచేద్దాం" అంటారు. పాత కారుకి అంచు మడిస్తే పెయింట్ పగిలి, ఆ పగులులో నీళ్లు చేరి, తుప్పు మొదలవుతుంది. అందుకే సరైన ఈటీ ఉన్న రిమ్ తీసుకుని మడ్‌గార్డ్ జోలికి వెళ్లకుండా ఉండటం మంచిది.

ఇక ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. కారు వయసు.

మా పిన్ని కొడుకు ఒకడు గుంటూరులో ఉంటాడు. రెండేళ్ల జీతంలో దాచుకుని 2008 వీఎక్స్ఐ కొన్నాడు. వీల్స్ కోసం విడిగా 40 వేలు పక్కన పెట్టుకున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ 17 ఇంచ్ సెట్ చూసుకుని, టైర్లతో సహా బేరం కూడా ఆడేసి, అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వొచ్చి ఒకసారి చూస్తే తీసేసుకుంటా" అన్నాడు.

"రిమ్స్ తర్వాత చూద్దాం రా, ముందు కారు చూద్దాం" అన్నాను. జాకీ పెట్టి, కింద స్టాండ్ కూడా పెట్టి, ముందు చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పట్టుకుని ఊపాను. టకటకమని ఆడింది. అలా ఆడితే బేరింగో బాల్ జాయింటో పోయినట్టు. ఆ కారులో బాల్ జాయింట్. అటూ ఇటూ పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్ ఎండ్, అది పర్వాలేదు. లోయర్ ఆర్మ్ బుష్‌లు పగిలిపోయి ఉన్నాయి. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ ఆయిల్ కారుతున్నాయి.

తర్వాత ఆటోనగర్ వెళ్లి ఆ 17 సెట్ చూశాం. టైరు సైడ్ వాల్ మీద డాట్ అని రాసి, చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. ఆ సెట్‌లో రెండు టైర్లు పదేళ్లు దాటినవి. గాట్లు బాగా లోతుగా ఉన్నాయి, పై నుంచి చూస్తే కొత్తవే. రబ్బరు మాత్రం గోరు దిగనంత గట్టిపడిపోయి, సైడ్ వాల్ మీద సన్నటి పగుళ్లు. ఒక రిమ్‌ని తిరగేసి చూస్తే లోపలి అంచున వెల్డింగ్ చేసిన గుర్తు. పగిలిన అల్లాయ్‌ని వెల్డింగ్ చేసి పెయింట్ కొడితే ముందు వైపు నుంచి ఎవరూ పట్టుకోలేరు. సెకండ్ హ్యాండ్ రిమ్ కొనేటప్పుడు తప్పకుండా వెనక్కి తిప్పి చూడండి.

వాడి ముఖం చూడాలి అప్పుడు. పాపం, ఆ సెట్ ఫోటో ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుని ఉన్నాడు. "ఒరేయ్, ఇదే కారులో పిన్నీ బాబాయ్ వచ్చే నెల తిరుపతి వెళ్తారన్నావు కదా" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. ఆ డబ్బులో ముందు బాల్ జాయింట్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్చాం. మిగిలినదానికి ఇంకొన్ని నెలలు దాచుకుని 15 ఇంచ్ రిమ్స్, 185/65 కొత్త టైర్లు వేయించుకున్నాడు. ఇప్పుడు కారు స్టాక్ కంటే బాగా కనిపిస్తుంది, గుంతల్లో పాడవలేదు. నా మీద కొంచెం కోపం ఇంకా ఉందిలెండి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. పాత కారులో అరిగిపోయిన పార్టుల మీద పెద్ద చక్రం పెడితే, ఆ అరుగుదల ఇంకా వేగంగా పెరుగుతుంది. బరువైన చక్రం గుంతలో పడి లేస్తుంటే దాన్ని ఆపాల్సింది ఆ పాత షాక్ అబ్జార్బరే. కాబట్టి డబ్బు ముందు కింద పెట్టండి, తర్వాత చక్రానికి పెట్టండి.

చట్టం గురించి కూడా రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయం గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో సెక్షన్ 182-ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందుకే మీ మోడల్‌లోనే టాప్ వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజుకి వెళ్లడం అన్నిటికంటే సేఫ్. అది దాటి వెళ్లేముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి చెప్పండి. చెప్పకుండా మారిస్తే రేపు క్లెయిమ్ దగ్గర గొడవ అవుతుంది. ఆ రోజు షాపువాళ్లు వచ్చి మీ పక్కన నిలబడరు.

ఇక ఫిట్టింగ్ రోజు ఏం చేయాలి? కొత్త టైర్ల డాట్ అంకెలు, ఐఎస్ఐ మార్క్ చూడండి. నట్లు కొత్త రిమ్‌కి సరిపోయేవేనా చూడండి. కోన్ ఆకారంలో ఉండాల్సిన చోట గుండ్రటివి పెడితే అవి వదులవుతాయి. నట్లు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించమనండి. ఒక 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ తప్పనిసరి. తర్వాత నలుగురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి నెమ్మదిగా నడపండి. చిన్న స్పీడ్ బ్రేకర్ ఎక్కించండి. దిగి టైరు అంచులు, మడ్‌గార్డ్ లోపల చూడండి. ఎక్కడైనా రాసుకున్న గుర్తు ఉంటే షాపు దగ్గరే తేల్చుకోండి, ఇంటికి వచ్చేయకండి.

స్టెప్నీ మర్చిపోకండి. మొత్తం ఎత్తు 620 దగ్గరే ఉంచితే పాత 14 ఇంచ్ స్టెప్నీ ఎమర్జెన్సీలో పనికొస్తుంది, పంక్చర్ షాప్ దాకా నెమ్మదిగా వెళ్లిపోవచ్చు. ఎత్తు బాగా తేడా ఉంటే ముందు రెండు చక్రాలు వేరే వేరే వేగంతో తిరిగి, లోపల డిఫరెన్షియల్ అరిగిపోతుంది. కొత్త నట్లు పాత రిమ్‌కి పట్టకపోవచ్చు, అందుకని పాత నట్లు నాలుగు డిక్కీలో వేసి ఉంచండి.

మరి ఫైనల్‌గా నా సలహా. బడ్జెట్ తక్కువా? రిమ్ మీద 5జే అని ఉంటే దాని మీదే 185/70 ఆర్ 14 కూర్చుంటుంది. రిమ్ కొనే పనే లేదు, కారు కొంచెం నిండుగా కనిపిస్తుంది. అల్లాయ్స్ కావాలా? 15 రిమ్, 185/65, సరైన ఈటీ, హబ్ రింగులు. 16 సిటీలో మంచి రోడ్ల మీద, పూర్తి కండిషన్‌లో ఉన్న కారుకైతే ఆలోచించొచ్చు. 17 మాత్రం ఈ కారుకి, ఈ రోడ్లకి, ఈ వయసుకి నేను వద్దనే చెప్తా.

రేపు పొద్దున్నే ఒక పని చేయండి. డ్రైవర్ డోర్ తెరిచి పక్కన ఉండే స్టిక్కర్ మీద మీ టైరు సైజు, గాలి ఎంత ఉండాలో చూడండి. తర్వాత నాలుగు టైర్ల డాట్ అంకెలు ఫోటో తీసుకోండి, స్టెప్నీది కూడా. మీ ఇంట్లో అమ్మానాన్నలు ఎక్కే కారు అయితే ఈ రోజే తీసుకోండి. ఈ ఎపిసోడ్ అల్లాయ్స్ కొనబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లకి పంపండి, అడ్వాన్స్ ఇచ్చేలోపే. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి.